పరిగె కుచ్చు

కోతల పండగ ఏ దొర, ఏ ఏడు మొదలెట్టాడో
పాస్టరు గారు కాగితం చూసి చదివారు.
మా మామ్మ దీవెనమ్మ లెక్క వేరు:
"గోదారి గట్టు తెగి లంక మునిగిన ఏడు
బురద కడిగితే దోసెడు గింజలు దక్కాయి.
సగం దంచి ఎసట్లో పోశాను,
సగం మీ తాత గుడికి పట్టుకెళ్ళాడు.
అదీ మొదలు."

సొంత చేను లేదు మాకు.
కోసినోళ్ళు వదిలేసిన కంకులేరి
కుచ్చు అల్లి బల్ల మీద పెట్టింది,
గుమ్మడికాయకీ కాళ్ళు కట్టిన పుంజుకీ మధ్య.

వేలంలో పుంజు తొమ్మిదొందలు.
కుచ్చు ఎత్తి చూపారు,
ఎవరూ పలకలేదు.
"ఇరవై," అంది మామ్మే,
కొంగుముడి విప్పుతూ.

కొనుక్కొచ్చి చూరుకి కట్టింది.
తెల్లారకముందే పిచ్చుకలు.
కింద పడుకున్న నా జుట్టునిండా
ఊక.