ఒక్క మూర

మేయో హాలు మెట్ల దగ్గర చెప్పులు విడవబోతే
బంట్రోతు నవ్వాడు: "ఇది గుడి కాదప్పా."

లోపల కంపెనీ వకీలు
నా పాలసీని చూపుడువేలితో తిప్పుతున్నాడు.
ఏడేళ్లు కట్టాను.
సీటు కింద, జాకీ పక్కన, ప్లాస్టిక్ కవర్లో దాచాను.
వెనక పేజీలో ఉన్నది చీమలబారనుకున్నాను.
ఆ చీమలే ఇవాళ చౌడక్కను మోసుకుపోతున్నాయి.

"ఇది సరుకుబండి.
సరుకుగలామె ఎక్కితే కంపెనీ చూసుకుంటుంది,
ఊరికే ఎక్కిన మనిషైతే నువ్వు చూసుకోవాలి.
ఆమె ఎవరు?"

ఎవరని చెప్పేది?
రాత్రి రెండు గంటలకు చదలపురం క్రాసులో
రెండు బుట్టల చామంతి మీద తడిగోనె కప్పి
చెయ్యెత్తే మనిషి.
కె.ఆర్. మార్కెట్లో ఎండ ముదరకముందే అమ్ముకొని
బుట్టలో బుట్ట దూర్చి
మళ్లీ నా టెంపోనే ఎక్కే మనిషి.
పోయేటప్పుడు బుట్టకు ఇరవై.
వచ్చేటప్పుడు నేనేమీ అడిగేవాణ్ణి కాదు.
మిగిలిన కనకాంబరాల్లోంచి ఒక్క మూర
తనే నా అద్దానికి చుట్టేది.

దేవనహళ్లి దాటాక లారీ తగిలిన రోజు
మేం తిరుగుదారిలో ఉన్నాం.

మహజరులో రాసుకున్నారు:
వెదురుబుట్టలు రెండు, ఖాళీ.
ముందు అద్దానికి పూల అలంకారం.

వకీలు ఆ ముక్క దగ్గర ఆగాడు.
"ఆ పూలు బాడుగ కింద ఇచ్చిందా?
అయితే ప్యాసింజరు.
ప్రేమకొద్దీ ఇచ్చిందా?
అయితే ఉచిత ప్యాసింజరు."
అటొక గుంత, ఇటొక గుంత తవ్వి
మధ్యలో నన్ను నడవమన్నాడు.

వెనక బెంచీలో ఆమె కూతురు నాగవేణి,
గోళ్లలో అరటినార ఇంకా పోలేదు,
నా నోటివైపే చూస్తోంది.
కంపెనీ తప్పుకుంటే ఆ పిల్లకు నేనే ఇవ్వాలి.
నేను అమ్మగలిగింది ఆ టెంపో ఒక్కటే,
దానికి ముందుభాగం లేదు.

"ఖాళీ బుట్ట సరుకు కాదా స్వామీ?
రేపటి పూలు దేంట్లో తెస్తుంది?"

కన్నడంలో నేనన్నది
జడ్జిగారు ఇంగ్లీషులో చెప్తే
టైపు చేసే అమ్మాయి టకటకా కొట్టింది.
అంత శబ్దంలో
బుట్ట ఎక్కడ పడిందో నాకు తెలీలేదు.

వాయిదా. మళ్లీ వాయిదా.

ఇప్పుడు మా బామ్మర్ది బండి బాడుగకు తోలుతున్నాను.
మార్కెట్ గేటు దగ్గర ఆడవాళ్లు ఖాళీ బుట్టలతో వస్తే
ఎక్కించుకుంటాను.
ఎండలో వదిలేసి ఎట్లా వచ్చేది?
కాకపోతే ఎక్కేముందు బతిమాలతాను:
"అడుగున ఏమన్నా పెట్టుకోండక్కా,
వాడిపోయిందైనా సరే, ఒక్క మూర."

పిచ్చోడని నవ్వుతారు.
నిన్న ముసలి యల్లక్క మాత్రం నవ్వలేదు.
కొప్పులోంచి తీసి
బుట్టలో వేసుకొని
ఎక్కి కూర్చుంది.