సెట్ అన్నాక

ముప్పై ఏళ్లుగా నా పని ఒక్కటే:
పిల్లలను గీత మీద వంచి, నడుములు పైకి లేపి,
పేల్చడం.
లాలాగూడ వర్క్‌షాపులో ఫిట్టరు ఉద్యోగం అయిపోయింది గానీ
ఎర్ర చొక్కా, తుపాకీ ఇంకా నా దగ్గరే ఉన్నాయి.
తూటా లేని తుపాకీ. మందు వాసన మాత్రం
ఎన్నిసార్లు చేతులు కడుక్కున్నా అన్నం ముద్దలో తగులుతుంది.

"సెట్" అన్నాక, పేల్చేలోపు
రెండు సెకన్లు. ఒక్కోసారి అంతకూ తక్కువ.
చూసేవాళ్లకు అక్కడ ఏమీ జరగదు.
నాకు అక్కడే అన్నీ కనిపిస్తాయి:
మూడో లైన్లో పిల్ల మెడ మీద నరం,
ఆరో లైన్లో పిల్లవాడు గుటక వేయడం,
గ్యాలరీలో తండ్రి కూర్చున్న వైపుకు తిరిగిన ఒక చెవి.

ఇస్లావత్ కావేరి, బోరబండ, పదిహేనేళ్లు.
కిందటి డిసెంబరులో, రెండు వందల మీటర్ల ఫైనల్లో,
నా చప్పుడు కన్నా ముందే లేచింది.
రెండోసారి పేల్చి అందరినీ ఆపింది నేనే.
ఎరుపూ నలుపూ అట్ట ఎత్తింది నా పక్కనున్న మనిషి.
ఆమె చూసింది మాత్రం నన్ను.
ఏడవలేదు. స్పైక్స్ విప్పి చేత పట్టుకుని
ఉత్త కాళ్లతో గేటుదాకా నడిచింది.

ఆ తర్వాతా రోజూ వస్తోంది, ఉరుకుతోంది.
కాలు బాగుంది, ఊపిరి బాగుంది.
సెట్ అంటే చాలు, రాయి.
"తొడ పట్టేస్తే ఐస్ పెడతాను సార్,"
అంది కోచ్ వనజ. "దీనికేం పెట్టాలి?"
నాకేం తెలుసు.
ధైర్యంగా ఉండు అన్నవాళ్లు అప్పటికే పదిమంది.
భయపడకు అన్నవాళ్లు ఇరవై.
ఆ మాటలన్నీ వీపున మోసుకునే
వంగుతోంది పాపం, బ్లాకుల మీద.

ఒక పొద్దున, గచ్చిబౌలి బండలు ఇంకా చల్లగా ఉన్నప్పుడు,
గాజు మేడల్లో రాత్రి దీపాలు ఆర్పకముందే,
తుపాకీ ఆమె చేతికిచ్చాను.
"ఇయాల నువ్వు ఉరకొద్దు బిడ్డా. పేల్చు."

ఎనిమిదిమంది వంగారు.
"సెట్" అంది. గొంతు పీలగా వచ్చింది.
చేయి ఎత్తింది. ఎత్తే ఉంచింది.
వాళ్లు లేచి నిలబడతారేమో అన్నంతసేపు.
చివరికి పేల్చి, తన చప్పుడుకు తానే ఉలిక్కిపడి,
"సార్, అందరి చేతులు వణుకుతున్నయ్!
ఎప్పుడూ ఫస్టొచ్చే అక్కవి కూడ!"

నా కుడిచేయి చాపి చూపించాను.
కాసేపు చూసింది.
"మరెట్ల పేలుస్తరు?"
దీంతోనే.

ట్రాక్ మీద గోరుతో గీస్తూ కూర్చుంది.
వాళ్లమ్మ సాయంత్రాలు మోతీనగర్ మూల మీద
జొన్నరొట్టెలు కాలుస్తుందట.
"నేను తొందరపడి తిప్పుతే చిరుగుతది సార్.
అమ్మ ఏం చెయ్యదు. చెయ్యి దగ్గర పెట్టుకొని ఊకె కూసుంటది.
రొట్టె పిలిస్తెనే తిప్పుతది."
జేబులో పెన్ను లేదు గానీ
ఉంటే అరచేతి మీద రాసుకునేవాణ్ణి.

ఫిబ్రవరి మీట్. ఐదో లైను.
స్టూలెక్కాను.
"సెట్."
మెడ మీద నరం కొట్టుకుంటూనే ఉంది,
వేళ్లు వణుకుతూనే ఉన్నాయి.
తీతువు ఒకటి అరుచుకుంటూ ట్రాక్ దాటింది.
గ్యాలరీలో ఎవరిదో ఫోను మోగింది.
ఆమె కదల్లేదు.
నేను ఎవరికీ ఎక్కువా తక్కువా ఇచ్చినవాణ్ణి కాను.
ఆ రోజూ ఇవ్వలేదు, ఒట్టు.
ఇవ్వాలనిపించింది.

పేల్చాను.
ఎనిమిదిమందిలో ఆఖరున లేచింది.
మలుపు తిరిగేసరికి ఇద్దరిని దాటింది, తర్వాత ఇంకో ఇద్దరిని.
నాలుగో స్థానం. నాలుగుకు పతకం లేదు.

సంచి కోసం నా పక్కనుంచే వచ్చింది,
చెమట, దుమ్ము, విప్పేసిన స్పైక్స్.
"లేటుగ లేచినవ్ బిడ్డా," అన్నాను.
"ఇన్న గద సార్," అంది.