ఇంజను మారే చోట

మా చిన్నాన్న కూతురు జయమణి ఫోన్లో
ఈసారి ఊరు ఎలా ఉందో చెప్పలేదు, అద్దె చెప్పింది.
"ప్యారీస్ కార్నర్ వెనక సందులో
బండి పట్టేంత జాగా ఖాళీ అయింది, వచ్చెయ్.
ఆరింటికి పెడితే పదింటికి గిన్నెలు కడుక్కోడమే."

ఆ ఆరింటికి కంచరపాలెం బర్మా క్యాంపులో
నేను శనగపిండి వేయిస్తున్నాను.
కొబ్బరిపాలు విరగకుండా గరిటె ఒకే వైపు తిప్పాలి.
ఒకే వైపు తిప్పుతూ
ఆలోచిస్తానన్నాను.

మా నాయనమ్మ ఇక్కడ అప్పలకొండ, రంగూన్లో మా ఖిన్.
'మా' అంటే అక్కడ ఆడపిల్లని మర్యాదగా పిలవడం,
ఇక్కడ, నీది కాదు అని చెప్పడం.
అరవై నాలుగులో ఓడ దిగితే
పెట్టెలో ఏముందని అడిగారట హార్బర్లో.
"బంగారం ఆళ్లే ఉంచేసుకున్నారు బాబూ,
మిగిలింది పొత్రం" అందట.
నిజంగానే పొత్రం. నల్లరాయి.
ఎండుమిర్చి ఇప్పటికీ దాంతోనే నూరతాను.

సొంత దేశానికొచ్చేశాం అన్నాడు తాత.
బర్మావోళ్లొచ్చారు అంది వీధి.
ఇప్పటికీ అంటుంది, ప్రేమగానే,
"బర్మావోళ్ల బండికాడ కలుద్దారి" అని.
నేను చూడని ఊరు
నేను పుట్టిన ఊళ్లో నా ఇంటిపేరు.

ఇక్కడ కౌసే అంటే పసుపు పులుసు, కొబ్బరి, పైన వేగిన ఉల్లి.
అక్కడ అత్తో. నారింజ రంగు, క్యాబేజీ, పక్కన అరటిదవ్వ చారు.
"నీ పులుసు ఇక్కడ సాగదు, చెయ్యి మార్చుకోవాలే"
అంది జయమణి, కూర గురించే.
ఒకే ఓడలో వచ్చిన అన్నదమ్ములు
రెండు రేవుల్లో దిగి
రెండు రకాలుగా మర్చిపోయారు.
ఏది అసలు రుచో తేల్చడానికి
తిరిగి వెళ్లొచ్చినవాళ్లు మాలో ఒక్కరూ లేరు.

గ్యాస్ బిల్లు వెనక లెక్కలు వేశాను.
ఇక్కడ కార్పొరేషన్ లారీ, అక్కడ రోజువారీ మామూళ్లు.
ఇక్కడ ఆరేసిన చీర మీద పోర్టు బొగ్గు నుసి,
అక్కడ చీర ఆరేయడానికి దండెం ఎక్కడో అడగలేదు.
పిల్లాడికి అరవం రావాలి, వాడికి ఎక్కాలే రావడం లేదు.
తవిటయ్యని అడిగితే
"నువ్వెల్తే నానొస్తాను" అన్నాడు.
పోర్టులో క్రేను నడిపే మనిషి,
బరువంతా నా వైపే దింపాడు.

ఒకసారి పెళ్లికెళ్లి మెరీనాలో నిలబడ్డాను.
ఇసక దాటేసరికే పొద్దుగూకింది.
అటు కొండ లేదు, ఇటు కొండ లేదు.
సముద్రానికి ఎక్కడ ఆగాలో చెప్పేవాళ్లే లేరు.
ఇక్కడైతే డాల్ఫిన్ నోస్ కి వీపు పెట్టి నడిస్తే
కళ్లు మూసుకున్నా చేపల రేవు దాటిపోతాను.
అయినా కొండ కూడు పెట్టదు కదా.

నిన్న రిజర్వేషన్ కౌంటరుకి వెళ్లాను.
హౌరా నుంచొచ్చే మద్రాసు బండి
మా స్టేషన్లో ఇంజను విప్పుకుంటుంది,
తోకకి తగిలించుకుంటుంది.
వచ్చిన పట్టాల మీదే కొంత దూరం వెనక్కెళ్తే గాని
దక్షిణానికి దారి లేదు.
కిటికీలో ఒక ముసలామె గాభరాపడింది,
"ఇదేంటి, ఇంటికి పోతోందా?"
టీ కుర్రాడు చిల్లర ఇస్తూ నవ్వాడు.
నేను నవ్వలేకపోయాను.

వెయిటింగ్ లిస్టు నలభై ఏడు.
ఫ్యాను గాలికి ఎగరకుండా
టికెట్టు పొత్రం కింద పెట్టాను.

ఇవాళ పులుసులో
ఎవరికీ చెప్పకుండా గుప్పెడు క్యాబేజీ తరిగి వేశాను.
రైల్వే క్వార్టర్స్ నుంచి రోజూ వచ్చే పెద్దాయన
రెండు ముద్దలు తిని చెంచా ఆపాడు.
గిన్నెలోకి చూశాడు, నన్ను చూశాడు.
"ఏటమ్మా," అన్నాడు,
"ఎక్కడికైనా ఎల్తన్నావేటి?"