లైన్లో ఉన్నాను

రాత్రికి వచ్చేస్తానని
సాలూరు ఘాటు దిగుతూ చెప్పాను.
"ఒస్తావా, ఒస్తాననీసి ఊరుకుంటావా?" అంది సన్యాసమ్మ.
అది ఎత్తిపొడుపు కాదు.
గ్లాసుడు బియ్యం ఎక్కువ పొయ్యాలా వద్దా అని
పొయ్యి ముందు నిలబడి అడిగే మాట.

పొయ్యమన్నాను.
పదమూడేళ్ళుగా పొయ్యమంటూనే ఉన్నాను,
తెల్లారి వచ్చి చద్దన్నం తింటూనే ఉన్నాను.
లెక్క కడితే మా ఇంట్లో నేను తిన్నదంతా
నిన్నటి అన్నమే.

పద్నాలుగు చక్రాలు, ఆరువందల బస్తాల రాయపూర్ బియ్యం.
ఆనందపురం దగ్గర ఏడు,
సబ్బవరం దగ్గర ఎనిమిదికి పావు తక్కువ.
షీలానగర్ మలుపు తిరిగేసరికి
ఎదర తోకలైట్లు, ఎర్రగా, కదలకుండా,
ఎవరో రోడ్డు పొడుగునా మిరపకాయలు ఆరబోసినట్టు.

పోర్టు గేటు ఇంకా నాలుగు కిలోమీటర్లు.
మా ఇల్లు అంతకన్నా దగ్గరని కాదు గానీ
కనబడుతుంది.
రిఫైనరీ మంటకి జానెడు ఎడమగా, కొండవాలు మీద
మూడో వరస దీపాల్లో ఒకటి.
ఏదో తెలీదు. ఒకటి.

క్లీనర్ని తీసేశాక బండికి నేనొక్కణ్ణే.
దిగితే లైను కదులుతుంది,
కదిలితే వెనకవాడు హారను కొడతాడు.
ఆటోనగర్‌లో ఓనరు ఫోనులో నేనో నీలిచుక్కని.
చుక్క టైముకే వచ్చింది.
చుక్కకి ఆకలి లేదు.

తొమ్మిదిన్నరకి హారిక ఫోను.
ప్రోగ్రెస్ కార్డు మీద సంతకానికి రేపే ఆఖరు.
"అమ్మని పెట్టమను" అన్నాను.
"ఎప్పుడూ అమ్మే పెడతాది. ఈసారి నువ్వెట్టు."

వెనక బండి బలరాం సాహూది.
దుర్గ్ పక్కన ఏదో ఊరు. ఇల్లు చూసి నలభై రోజులు.
ఘాటంతా నా బ్రేకు లైట్లు చూసి
తను బ్రేకు తొక్కుతూ వచ్చినవాడు.
నా మొహం చూశాడో, ఫోను విన్నాడో,
చెయ్యి చాపి తాళాలడిగాడు.
"రెండు బండి నేను జరుపుతా.
నువ్వు పో. అన్నం తిను."

పరాయివాడి చేతికి తాళాలా,
ఓనరు వింటే తోలు తీస్తాడు.
ఇచ్చాను.

ఆటో. ఆ తర్వాత డెబ్భై రెండు మెట్లు.
తలుపు తీసి సన్యాసమ్మ నన్ను కాదు, గడియారాన్ని చూసింది.
పదీ ఇరవై.
"ఏటి, బండెక్కడెట్టీసావు?"
చెప్పాను. కాసేపు మాట్లాడలేదు.
గిన్నె మీద మూత తీసింది.

ఆవిరి.

టమాటా వేసిన ఎండు నెత్తళ్ళ కూర.
వేలు కాలింది. ఊదుకున్నాను.
ఈ ఇంట్లో అన్నం ఊదుకుని తినడం
ఎప్పుడు మానేశానో గుర్తు రాలేదు.

సగంలో ఓనరు ఫోను.
"ఎక్కడున్నావు?"
"లైన్లోనే ఉన్నానండి."
"కనబడుతుందిలే. రెండొందల మీటర్లు కదిలావు.
నిద్రపోకు."

హారిక అప్పటికే నిద్రపోయింది.
కార్డు దిండు కింద, అంచు బైటికి కనబడేలా.
దేముడు అని రాసి తోక లాగాను.
పై మూడు గళ్ళలోనూ దేముడే ఉన్నాడు,
గుండ్రంగా, పొందిగ్గా, నాకన్నా బాగా.
సన్యాసమ్మ వంగి చూసి
కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.
"ఇది నీది కాదంటాది టీచరు."

బయల్దేరుతుంటే అడక్కుండానే క్యారియర్ నింపింది.
రోజూ పోసేదానికి
రెండు గ్లాసులు ఎక్కువే పోసిందన్నమాట.

సాహూ నా బండి దిగి తన బండికి పరిగెడుతున్నాడు,
లుంగీ ఎగ్గట్టి, పదకొండోసారో పన్నెండోసారో.
బొగ్గు దుమ్ము మీద చెమట చారలు.
క్యారియర్ చేతిలో పెట్టాను.
మూత తీశాడు.
మొహం దాని మీదికి వంచి
కాసేపు అలాగే ఉండిపోయాడు, తినకుండా.

లైను కదిలింది.
ఈసారి రెండు బళ్ళూ నేను జరిపాను.