మిగిలిన బోల్టు

నారిన్‌లో నవంబరు. నది అంచులు గడ్డకడుతున్నాయి.
బురుల్చా పాత తివాచీ ముక్క పరుచుకుని
నీవా కారు కిందికి దూరింది.

పంపు మార్చింది. గాస్కెట్ దొరక్క
మామగారి బూటు తోలు కత్తిరించి పెట్టింది.
ఆయనుంటే తిట్టేవాడు,
తరవాత కొలత సరిచూసేవాడు.

హీటరు కొరియా కారుది.
"అతుకుతుందిలే" అన్నాడు బజారులో తొక్తోసున్.
అతకలేదు.
రెండు రాత్రులు ఆకురాయి పట్టింది.

తాళం తిప్పితే దగ్గింది, ఉమ్మింది, ఊరుకుంది.
మళ్ళీ తిప్పితే
మేలుకుంది, ఎవరిమీదో కోపంగా.

వేడిగాలి వేళ్ళకి తగిలింది.
అద్దం మీది మంచు అరచేయంత కరిగి
ఎదురింటి కంచె కనిపించింది.

అప్పుడు చూసింది
తివాచీ మీద ఒక బోల్టు.
ఎక్కడిదో తెలీదు.
జేబులో వేసుకుంది.

దోలోన్ కనుమ దాటేదాకా
ఆమె చెవి ఆ ఖాళీనే వెతుకుతూ ఉంది.