తరుగు పోగా

మామిడి కాలంలో దామలచెరువు మండీలో
మనిషి మాటకన్నా కాటా మాటే చెల్లుతుంది.
టన్నుకు వంద కిలోలు తరుగు,
వందకు పది కమీషను,
దించినోళ్ళ కూలి, లారీ దిగేటప్పుడు నలిగినవి,
ఇవన్నీ పోగా మిగిలిందే రైతుది.
పద్నాలుగేళ్ళుగా ఆ మిగిలింది రాసేది నేను.

అందుకే గుణశేఖరా,
"మనం చేసుకుంటే ఏమి రైటరమ్మా" అని
చీటీ మీద బరువేసినంత తేలిగ్గా నువ్వడిగితే
నేను సిగ్గుపడలేదు.
పాత బిల్లు వెనక్కి తిప్పి
నడిమికి ఒక గీత గీసినాను.
ఎడమ జమ, కుడి ఖర్చు.

ఖర్చు కింద:
నీకు ముప్పై తొమ్మిది, నాకు ముప్పై ఏడు.
తోతాపురి లెక్కన చూస్తే ఇద్దరమూ
గుజ్జు ఫ్యాక్టరీకి పోయే కాయలమే,
గడ్డి పరిచి పెట్టెల్లో పేర్చే రకం కాదు.
నీ బీడీ.
నీ గురక, మీ చెల్లెలే చెప్పింది.
ఇంకా, నేను వద్దన్న ఐరాల టీచరు.

ఆయన్ని మొన్న పాకాల బస్టాండులో చూసినా.
పెళ్ళాం చిల్లర రెండుసార్లు ఎంచి చేతిలో పోస్తా ఉంటే
తలొంచుకొని అరటిపండు తింటా ఉన్నాడు.
వదులుకున్నదాని ధర ఎంతో
ఆయన తొక్క పారేసేలోపే తెలిసిపోయింది.
ఆ పద్దు కొట్టేసినాను.

జమ కింద రాయడానికే చెయ్యి రాలేదు.
గాలివాన వచ్చిన సాయంత్రం
ఉన్న ఒక్క టార్పాలిను
ముందు నా పుస్తకాల మీద కప్పినావు,
కాయల సంగతి తర్వాత.
మొదలియారు నిన్ను తిట్టిన తిట్లు
ఇప్పటికీ రేకుల మీదే ఉండాయి.
తడిసింది నాలుగు టన్నులు.
అందులో నా వంతు లాభమెంత,
ఏ రేటు వెయ్యాల?

ఆ మొదలియారు మాటే ఒకటుంది,
కుళ్ళిన కాయకి పెట్టిన డబ్బు తలుచుకుంటా
దాన్ని బుట్టలోనే ఉంచుకోవద్దు అని.
పోయిన ఏళ్ళు కూడా అంతే కదా.
ఇన్నాళ్ళు చూసినామని చేసుకోకూడదు.
ఇన్నాళ్ళు పోయినాయని మానుకోనూ కూడదు.

అయినా లెక్క తప్పింది మాత్రం
తోటలు పూత మీదుండే ఆ మధ్యాహ్నం.
మండీలో కాయ లేదు, కుక్క తప్ప మనిషి లేడు.
దళారి మాదిరి భుజం మీది తువ్వాలు తీసి
నా చేతి మీద కప్పినావు నవ్వుతా.
గుడ్డ కింద వేలికి వెయ్యి.
ఆ భాష నాకెవరూ చెప్పలేదు,
తువ్వాలు కదిలేది చూసి చూసి నేర్చుకున్నా.
ఒక వేలు పట్టుకున్నావు. రెండు.
నేను తల అడ్డంగా ఊపినా.
అయిదూ పట్టుకున్నావు.
నవ్వడం మానేసినావు.

బేరం కుదిరితే చెయ్యి వదిలేస్తారు.
కుదరకున్నా వదిలేస్తారు.
పట్టుకొనే ఉంటే
దాన్ని ఏ పేజీలో రాయాల?

సరే, ఒకటి ఒప్పుకుంటా.
టీకి, బన్నుకి నువ్వు నాకు పదకొండు రూపాయలు బాకీ,
పోయిన ఏటిది.
పది ఇస్తే రూపాయి తక్కువంటా,
ఇరవై ఇస్తే తొమ్మిది లేవంటా.
గల్లాపెట్టె నిండా చిల్లరే ఉంటుంది.
బాకీ తీరినోడు పక్క మండీకి పోవడం
నేనెన్నిసార్లు చూడలేదూ!

కాయ దిగితే తలెత్తే తీరికుండదు,
ఈలోపే పాకాల రిజిస్ట్రారాఫీసుకి పోయొద్దాం.
ఆడోళ్ళకి బస్సు ఊరికే.
నీ టికెట్టు నేను తీస్తా.
రాసుకుంటా.