ఎక్కుతూ

పరకాల కోర్టులో ఆ రోజు
కేసంతా ఒక్క మాట చుట్టే తిరిగింది.
"తాడిచెట్టు ఎక్కుతూ పడి మరణించిన
గీత కార్మికుని కుటుంబానికి..."
అంతవరకే ఉంది చట్టంలో.
బుర్ర మొగిలి దిగుతూ పడ్డాడు.

పంచనామా రాసినవాడు నిజాయితీపరుడు.
మోకు తెగింది, లొట్టి పగిలింది,
కల్లు మట్టిలో ఇంకి చీమలు పట్టినయ్ అని రాశాడు.
నిండు లొట్టితో ఎవడూ పైకి పోడు గదా,
సర్కారు వకీలుకు ఆ తడి మట్టి చాలింది.
లొట్టి ఖాళీగా ఉండి ఉంటే
సారమ్మకు పైసలొచ్చేవి.

"ఎక్కుతూ అన్నారు, దిగుతూ అనలేదు.
అనాలనుకుంటే అనలేరా?
లేని మాట కలపడానికి మనమెవరం?"
నిఘంటువులో వేలు పెట్టి
మెత్తగానే అడిగాడు నరహరి.

నేను తర్జుమా గుమాస్తాను.
ఆయన్ని కొట్టిపారేయలేను.
మా నాయిన కాలంలో ఒక దయగల జడ్జి
ఎవరికో మేలు చేయబోయి
'బీడు' అన్న మాటను కొంచెం సాగదీశాడు.
మరుసటేడు
మా మూడెకరాల పజ్జొన్న చేను
ఆ మాట కిందికొచ్చింది.
మాట పొలం గట్టు లాంటిది.
ఒకసారి జరిపినంక
ఏ రాత్రి ఎవరు జరుపుతారో తెలియదు.

చెప్పేదేమన్నా ఉందా అని
జడ్జమ్మ సారమ్మను అడిగింది.

"ఎక్కినోడు దిగకుంట ఆడ్నే ఉంటడా అమ్మా?
పొద్దుగాల 'చెట్టెక్కొస్త' అని పోయిండు.
'చెట్టెక్కి, దిగి, వస్త' అని
ఏ గౌండ్లాయన చెప్పిపోతడు?"

వెనక బెంచీలో ఎవరో నవ్వబోయి ఆగారు.
నరహరి నిఘంటువు మూయలేదు గానీ
వేలు తీసేశాడు.

ఆ ముక్కను నేను ఇంగ్లీషులో పెట్టాలి.
చెట్టు సరే, ఎక్కడమూ సరే,
చివరనున్న ఆ 'వస్త'ను
ఎక్కడ దింపాలో తోచలేదు.
మూడుసార్లు రాసి కొట్టేశాను.
ముప్పయ్యేళ్ల నౌకరీలో
నా చేతికి చిక్కని మాట అదొక్కటే అని చెప్పను,
శానా ఉన్నయ్.
కానీ అది మాత్రం నన్ను చూసి నవ్వింది.

తీర్పు ఇరవైరెండు పేజీలు.
తొమ్మిదో పేజీ కింద, పెన్నుతో దిద్ది,
"కొత్త మాట చేర్చడం లేదు.
ఉన్న మాట ఎంత ఎత్తుందో చూస్తున్నాం."

సారమ్మ నకలు తీసుకుని
కొంగులో ముడేసుకుంది, చదువు రాదు.
బస్టాండు దాకా వెంట పోయాను, ఎందుకో.
మొగిలి చెట్లు ఇప్పుడు ఎవరు గీస్తున్నారని అడిగితే
"మా చిన్నోడు" అంది.

సర్కారు అప్పీలుకు పోయింది.
కేసు పైకోర్టు ఎక్కి నాలుగేళ్లు.
ఇంకా దిగలేదు.